జావలో చిటికెడు చేదు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. చేతిలోని మెంతి కట్ట కింద పెట్టక్కర్లేదు, ఆకు గిల్లుతూనే విను. చేతులకి పని ఉంటేనే చెవులు బాగా పనిచేస్తాయి. ఇది మా చిన్నదాని కథ. చిన్నదంటే నా చెల్లెలు. నా తరవాత ఎనిమిదేళ్ళకి పుట్టింది. దాని పెళ్ళైనప్పటి నుంచీ దాని ఇంటికి ఎదురు వాటాలోనే నేను కాపురమున్నాను. అందుకని ఇందులో ఊహించి చెప్పేది ఏమీ లేదు. కళ్ళతో చూసింది కొంత, అది నా ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది కొంత.

ఆ రోజు సెలవు. మధ్యాహ్నం చిన్నది కంచం పెట్టి, పక్కన గోరువెచ్చని నీళ్ళ గ్లాసు పెట్టింది. దాని భర్త అన్నం ముందు మూడుసార్లు పుక్కిలిస్తారు. పెళ్ళైన నాటి నుంచీ అంతే... రెండు కాదు, నాలుగు కాదు, మూడు! ఆయన పుక్కిలించారు. గ్లాసు పెట్టారు. కంచం వైపు చూశారు. మళ్ళీ గ్లాసు అందుకున్నారు. మళ్ళీ మూడుసార్లు! నీళ్ళు బాగా లేవేమో అనుకుంది చిన్నది. మూడో మాటు కూడా గ్లాసు ఎత్తేసరికి దాని చేతిలో గరిటె ఆగిపోయింది. అది లెక్కపెడుతూ నిలబడింది... తొమ్మిది... పది... పదకొండు! అప్పుడాయన గ్లాసు గడ్డం దగ్గరే పట్టుకుని, బడిలో పాఠం మరిచిన పిల్లాడిలా దాని మొహంలోకి చూశారు.

"ఏమే... నేను పుక్కిలించానా?"

అంతే తల్లీ! చిన్నదాని గుండె జారి అరికాళ్ళలో పడింది!

ఆయనెవరో చెప్పాలిగా. వీధిలో అందరూ నాలుక మాస్టారు అనేవాళ్ళు. సూపు పొడులూ, చిరుతిళ్ళ మీద చల్లే కారప్పొడులూ చేసే కార్ఖానాలో రుచి చూడడం ఆయన ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలభై చెంచాలు! ప్రతి కాపులోంచీ, అదే ఒక్క విడతలో చేసిన పొడిలోంచీ, ఒక చెంచా నీళ్ళలో కలిపి ఇస్తారు. 'ఇది మనదే' అంటే సంచుల్లోకి వెళ్తుంది, 'కాదు' అంటే వెనక్కి పోతుంది. పోల్చి చూడడానికి డబ్బాలో దాచిన పొడి ఆరు నెలలకే కంపు కొడుతుంది. అసలు రుచి నిలవుండేది ఆయన తలలోనే! ఇరవయ్యారేళ్ళ నాటి మొదటి కాపు రుచి ఆయనకి నిన్న తిన్నట్టు గుర్తు. రుచి చూసే మిగతావాళ్ళు నోట్లో వేసుకుని బకెట్లో ఉమ్మేసేవారు. ఈయన మాత్రం ఉమ్మేవారు కాదు. "ఉమ్మితే సగం నిజమే తెలుస్తుంది వదినగారూ, గొంతు దిగాకే అసలు రంగు బయటపడుతుంది" అనేవారు నాతో గర్వంగా. ఆ గర్వమే కదమ్మా... రంగులూ, రుచి పెంచే ఉప్పులూ, పురుగు పట్టకుండా కలిపేవీ, రోజుకి నలభై చెంచాలు, అన్నేళ్ళు!

మరి ఇంట్లోనో? ఆ నాలుక కోసం ఇల్లంతా ఉపవాసమే! ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు, మిరియం లేదు, ఆకుకూర లేదు, పుల్లటి పండు లేదు. తెల్లటి అన్నం, తెల్లటి జావ, ఉడికిన దుంప. బట్టల సబ్బు కూడా వాసన లేనిదే. మా చిన్నదానికేమో చిన్నప్పటి నుంచీ పులుపంటే ప్రాణం! నిమ్మకాయ ముక్క ఉప్పులో అద్దుకుని, కన్ను గీటుతూ చప్పరించేది. పెళ్ళయ్యాక అదంతా మా ఇంటి వంటగదికే. ఒకసారి నా దగ్గర నిమ్మబద్ద తిని, నాలుగుసార్లు నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వెళ్ళింది. గుమ్మంలోనే ఆయన నవ్వారు. "మీ అక్క నిమ్మకాయ కోసిందా? గింజ కూడా కొరికినట్టున్నావు!" అన్నారు. దానికి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆయన ముక్కునీ నాలుకనీ ఏమార్చడం మనిషి వల్ల కాదు తల్లీ. ఈ మాట గుర్తు పెట్టుకో, దీనితో పనుంది.

పుక్కిలింత జరిగిన వారానికి కూతురు వచ్చింది. ఒక్కతే కూతురు. ఊళ్ళోనే మందుల దుకాణంలో పని, పేరుపడ్డ చురుకు. నాన్ననీ అమ్మనీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగిందట. తాళం, గొడుగు, గుర్రం. ఆయనకి గొడుగు ఒక్కటే గుర్తొచ్చింది. బయట చక్కటి ఎండ!

"ఇది మొదలు మాత్రమే. మాత్రలు రాస్తాను" అంది డాక్టరమ్మ. "ఆ పొడుల వల్లే వచ్చిందా అంటే... అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. కానీ అంత మింగడం మాత్రం మానాలి. ఆకుకూరలూ, ముదురు రంగు పళ్ళూ బాగా తినాలి. వాటిలో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు మెదడు కణాలు పాడవకుండా అడ్డుపడతాయంటారు. పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెస్తాయని నేను మాట ఇవ్వను. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి మన వంతు, అంతే."

చిన్నదానికి ఆ ఇంగ్లీషు మాట నోరు తిరగలేదు. అది చూసి డాక్టరమ్మ తన డబ్బాలోంచి యాపిల్ తీసి కోసి, ఒక ముక్కకి నిమ్మరసం రాసి, ఇంకోటి వట్టిదే పక్కన పెట్టి, ఆకులూ పళ్ళూ తలకి ఈ నిమ్మరసంలాంటివి అంది. చిన్నది ఇంటికొచ్చి అదే పని చేసింది, మా వంటగది కిటికీలో! కుర్చీ వేసుకుని కదలకుండా చూస్తూ కూర్చుంది. వట్టి ముక్క అంచు ముందు పసుపు తిరిగింది, తరవాత గోధుమ రంగు, తరవాత మధ్యలో తుప్పు మచ్చలు... నిమ్మరసం రాసిన ముక్క చాలాసేపు తెల్లగానే ఉంది. "అక్కా, ఆయన తలలో ఇలాగే అవుతోందా? ఇప్పుడు, మనం చూస్తుండగానే... ఇలాగే నల్లబడుతోందా?" అంది గొణుగుతూ. నేను ఆ ముక్క తీసి పారేశాను. ఏం లాభం? దాని కళ్ళలోంచి పారేయలేకపోయాను కదా!

ఆ సాయంత్రమే కూతురు నోరు జారింది.

"ఇరవయ్యారేళ్ళు నాన్న కంచంలో తెలుపు తప్ప రంగన్నది చూశావా అమ్మా? అక్కడ పొద్దస్తమానం పొడులు, ఇక్కడ నీ తెల్ల జావ! ఒక ఆకు, ఒక పండు... ఒక్కటంటే ఒక్కటి పెట్టావా? ఆయనంటే ఉద్యోగం పిచ్చి, నీకేమైంది?"

చిన్నది పులుపు మీద ప్రాణం చంపుకుని, తన నాలుకని గోడకి తగిలించి, మొగుడి నాలుకని కాపాడిందా... ఆ కాపాడడమే నేరమైపోయింది! కన్నకూతురి నోటి వెంట ఆ మాట పడ్డాక మా చిన్నది మొహం చూడాలి తల్లీ... కడిగిన సున్నపు గోడలా అయిపోయింది.

ఆయన మాత్రం గదిలోంచే కేకేశారు. "ఆకూ లేదు, అలమూ లేదు! ఆకు తింటే మూడు రోజులు నాలుక మీదే తిష్ఠ వేస్తుంది. నెల్లో పరీక్ష పెట్టుకుని ఆకులు మేస్తానా, నేనేమన్నా మేకనా?"

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. ఆరు నెలలకోసారి మూడు గిన్నెలు పెడతారు. రెండింట్లో ఒకటే, మూడోదాంట్లో ఆవగింజంత తేడా. ఆ తేడాది ఏదో చెప్పాలి. తప్పితే మరునాటి నుంచి చెంచా పట్టనివ్వరు. "చెంచా లేకపోతే నేనెవర్నే?" అనేవారాయన. నిజమే, ఆయన్ని వీధిలో అసలు పేరుతో పిలిచిన వాళ్ళెవరు?

ఇప్పుడు చూడు మా చిన్నదాని అవస్థ! ఆకు పెడితే ఆయన నాలుక పోతుంది, ఆయన ఆయనగా ఉండరు. పెట్టకపోతే తల పోతుందని భయం, అప్పుడూ ఆయన ఆయనగా ఉండరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మా ఇంటికి మెంతి కట్టలు తెచ్చి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టింది. గలగలలాడేలా ఎండాక నా రోట్లో దంచింది. "ఒక్క చిటికెడు... జావలో ఒక్క చిటికెడు అక్కా. కనిపెడితే కాళ్ళ మీద పడతాను."

మరునాడు పొద్దున జావ గిన్నె ఆయన ముందు పెట్టి, తలుపు చాటున నిలబడింది. ఉప్పు వేయడం కూడా మరిచిపోయిందట, అంత వణుకు! ఆయన ఒక గుటక వేశారు. ఆగారు. చిన్నదాని ఊపిరీ ఆగింది. రెండో గుటక వేశారు, మూడోది వేశారు, గిన్నె కింద పెట్టి, "బాగుంది" అని చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు.

చిన్నది పరుగున వచ్చి నన్ను వాటేసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అంతలోనే దాని నవ్వు సగంలో తెగిపోయింది. "అక్కా... ఆయన కనిపెట్టలేదేం?"

మూతి తుడుచుకున్నా నిమ్మగింజని పట్టిన మనిషి... మెంతాకుని పట్టలేదా!

మరునాడు రెండు చిటికెలు వేసింది. "బాగుంది." అర చెంచా వేసింది. "బాగుంది." మొదట కనిపెడతారేమోనని భయపడ్డ మనిషి, ఇప్పుడు కనిపెట్టమని దేవుడికి మొక్కుకుంటూ కలిపింది. దానిమ్మ రసం పోసింది, బీట్‌రూట్ తురిమింది, పాలకూర రుబ్బింది. పదో రోజుకి జావ పచ్చగా చెరువు పాచిలా తయారైంది. "ఇదేంటి, రంగు మారింది?" అన్నారాయన. "కొత్త గింజండీ" అంది ఇది, నాలుక మడతపడుతుంటే. "ఓహో, కొత్త గింజా! సరే సరే" అని గటగటా తాగేశారు. చిన్నది మా ఇంటికొచ్చి గోడకి తల కొట్టుకుంది. "అయిపోయింది అక్కా! ఆ నాలుక చచ్చిపోయింది! చేదు చేదని తెలియడం లేదు ఆయనకి! తల కాపాడదామని నేనే నాలుకని చంపానో, తలతో పాటే అదీ పోయిందో... నాకేం తెలుసు? ఇంకెన్నాళ్ళకి నన్ను కూడా ఎవరివే అంటారు?"

మానేయమన్నాను. మానితే తల పోతుందంది. కానీయమన్నాను. కానిస్తే నాలుక పోతుందంది. రోజూ ఆ కిటికీ దగ్గర యాపిల్ కోసిపెట్టుకుని కూర్చునేది, పిచ్చిదానిలా.

అలా పరీక్ష రోజు రానే వచ్చింది. ఆయన పొద్దున్నే జావ తాగి, చెంచాల మూట చంకన పెట్టుకుని, గుమ్మంలో ఆగి వెనక్కి చూశారు. ఏదో అనబోయి, "బాగుంది" అనే అని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి రావాల్సిన మనిషి రెండైనా రాలేదు. మూడయింది. చిన్నది వీధి మలుపు దాకా వెళ్ళడం, రావడం... కాళ్ళు నిలవలేదు. కూతురు దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం కార్ఖానాకి వెళ్ళాం.

అక్కడి మేనేజరు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "మాస్టారు పదకొండింటికే వెళ్ళిపోయారమ్మా. పరీక్షకి కూర్చోలేదు. చెంచాల మూట ఈ బల్ల మీద పెట్టి, చెయ్యి కలిపి వెళ్ళారు."

"కూర్చోలేదా? ఎందుకని?" అంది కూతురు.

"అదేమిటి, ఇంట్లో తెలియదా? మూడు వారాల కిందటే నా దగ్గరికి వచ్చారు. 'మా ఇంట్లో మెంతాకు మొదలైంది సార్. ఇక నా నాలుక మాట నమ్మకండి, నేను ఓకే అన్నది ఇంకొకరి చేత చూపించండి' అన్నారు. మానేయొచ్చుగా మాస్టారూ అన్నాను. నవ్వి, 'పెట్టే ఆవిడ మానేస్తే నేనూ మానేస్తా. ఆవిడ మానదు' అన్నారు."

చిన్నది అక్కడే నేల మీద కూలబడింది. తెలుసా! ఆయనకి... మొదటి చిటికెడు నుంచీ తెలుసా!

ఏడవడానికి కూడా తీరిక లేదు తల్లీ. తెలిసిన మనిషి ఏరీ? పదకొండింటికి బయల్దేరిన మనిషి, ఐదు స్టాపుల దూరం! ఏ బస్సెక్కారో, ఎక్కడ దిగారో, ఎవరి గుమ్మంలో నిలబడి గ్లాసెడు నీళ్ళడిగి ఎన్నిసార్లు పుక్కిలిస్తున్నారో... స్టాపు స్టాపు దగ్గరా దిగి అడిగాం. తెల్ల చొక్కా, సన్నటి మనిషి, చూశారా? లేదు. చూశారా? లేదు. వంతెన దగ్గరికి వచ్చేసరికి చిన్నది కింద నీళ్ళ వైపు చూసి, నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లి నా మణికట్టు గీసుకుపోయింది. కూతురు వెక్కుతూ, "నా నోరు పడిపోను! ఆ రోజు అంత మాటన్నాను అమ్మా..." అంటోంది. "నడవవే, ముందు నాన్న" అంది చిన్నది.

పొద్దు వాలుతుండగా కూరగాయల బజారు దాటుతున్నాం. వెనక నుంచి ఒక గొంతు. "ఓ మెంతాకమ్మా! నిన్నేనమ్మా! ఇంత ఆలస్యమా ఇవాళ?"

ఆకులమ్మే ముసలమ్మ. చిన్నది రోజూ కట్టలు కొనేది ఆవిడ దగ్గరే. ఆవిడ గంప వెనక, బోర్లించిన బుట్ట మీద, ఒళ్ళో మెంతి కట్ట పెట్టుకుని కూర్చుని ఉన్నారు నాలుక మాస్టారు!

"మధ్యాహ్నం వచ్చాడమ్మా బాబుగారు" అంది ముసలమ్మ. "ప్రతి కట్టా తీసి వాసన చూస్తాడు, పెట్టేస్తాడు. కొంటావా, పెళ్ళిచూపులా అన్నాను. ఈ కట్ట దగ్గర ఆగిపోయాడు. 'ఇదే. ఇది కొనుక్కెళ్ళే ఆవిడ ఇల్లెక్కడమ్మా? అదే మా ఇల్లు' అన్నాడు. ఇల్లు నాకేం తెలుసు? సాయంత్రం వస్తుంది కూర్చో బాబూ, అన్నాను. ఏదో పుస్తకం ఇచ్చి చదవమంటాడు. నాకు చదువొస్తే ఆకులెందుకు అమ్ముతానమ్మా!"

చిన్నది ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన దాని మొహంలోకి చూశారు. ఆ చూపులో ఒక్క క్షణం ఏమీ లేదు తల్లీ... ఖాళీ! ఆ క్షణాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. అప్పుడాయన వంగి, దాని చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మొహమంతా వెలిగింది.

"ఏమే, వచ్చావా! వీధి గుర్తు రాలేదే. ఎంత తన్నుకున్నా రాలేదు..."

ఆ పుస్తకం కార్ఖానాలో రుచులు రాసుకునేది. ఇంటికి వచ్చాక కూతురు పైకి చదివింది.

'మొదటి రోజు. జావ. మెంతాకు, నీడన ఆరింది, రోట్లో దంచింది, చిటికెడు. ఉప్పు లేదు. భయపడుతోంది. ఏమీ అనలేదు.'

'నాలుగో రోజు. అర చెంచా. చేదు. మొహం చిట్లిస్తే మానేస్తుంది. చిట్లించలేదు.'

'పదో రోజు. పాలకూర, దానిమ్మ, బీట్‌రూట్. ఘోరంగా ఉంది. కొత్త గింజ అని చెప్పింది. అబద్ధం చెప్పడం రాదు దానికి.'

'పదహారో రోజు. నాకూ భయంగానే ఉంది. దానికి చెప్పను.'

ఇరవయ్యో రోజు పేజీ మూడుసార్లు రాసి ఉంది, అవే మాటలు, అదే చేతిరాత, ఒకదాని కింద ఒకటి. రాసిన సంగతి మరిచి రాసుకున్నారు. అది చదివినప్పుడు ఎవరమూ ఎవరి మొహమూ చూసుకోలేదు. చివరి పేజీ ఆ పొద్దుటిది.

'ఇవాళ చెంచాలు ఇచ్చేస్తాను. ఇక ఈ నాలుకకి కాపలా అక్కర్లేదు. దానికి నిమ్మకాయంటే ఇష్టం. ఇక మా ఇంట్లోనే కోసుకోవచ్చు. మరిచిపోకముందే చెప్పాలి.'

కూతురు పుస్తకం మూసి తల్లి పాదాల మీద తల పెట్టింది. "నీ నోరు కూడా కట్టుకుని కూర్చున్నావని నాకెందుకు తట్టలేదమ్మా..." చిన్నది దాని జుట్టు నిమిరి లేచింది. నా వాటాకి వచ్చి ఒక నిమ్మకాయ తీసుకుంది. తన వంటగదిలో, తన కత్తిపీట మీద, ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి కోసింది. ఇల్లంతా గుప్పుమంది! ఒక బద్ద ఉప్పులో అద్ది తను చప్పరించింది, కన్ను గీటింది. ఇంకో బద్ద ఆయనకి అందించింది. ఆయన చప్పరించి, చాలాసేపు కళ్ళు మూసుకుని, "ఇది మనదే" అన్నారు.

ఆ తరవాత? అబద్ధం ఎందుకు తల్లీ, జబ్బు ఆగలేదు. మెల్లగా నడిచింది, అంతే. ఆకుల వల్లో, మాత్రల వల్లో, పొడులు మానడం వల్లో, దాని చేతి వల్లో, డాక్టరమ్మకే తెలియదు. ఆయన నా పేరు మరిచారు, కూతురి పెళ్ళి మరిచారు, ఒకరోజు చిన్నదాని పేరూ మరిచారు. చిన్నది ప్రతి పొద్దున జావ గిన్నె ఇస్తూ, ఇవాళేమంటారోనని ఊపిరి బిగబట్టేది. ఆ భయం దాన్ని ఒక్కరోజూ వదల్లేదు. ఆయన గుటక వేసి, ఆగి, "మెంతాకు... ఎక్కువేశావే" అనేవారు. ఆ తిట్టు వినపడగానే ఎదురు వాటాలో నేను కూడా ఊపిరి వదిలేదాన్ని.

ఆకు గిల్లడం అయిందా? ఒక రెమ్మ ఉంచి పిల్లలకి చూపించు. వాళ్ళకి ఈ కథ చెప్పు. ఆకు తింటే మతిమరుపు పోతుందని మాత్రం చెప్పకు, ఆ మాట నేను అనలేదు. చేదని తెలిసీ బాగుందని తాగిన మనిషి ఉండేవాడని చెప్పు, ఆ చేదు కలిపిన చెయ్యి ఎంత వణికిందో చెప్పు. ఈ మధ్య నాకూ పొయ్యి ఆర్పానో లేదో గుర్తుండడం లేదు తల్లీ... అందుకే ఇవాళే నీ చెవిన వేశాను. ఏదీ, ఇప్పుడు మొదటి నుంచి నువ్వు చెప్పు, నేను వింటాను. ఆయన ఎన్నిసార్లు పుక్కిలించారు?